నలభై అయిదు అడుగుల పాట

35 మిల్లీమీటర్ల ఫిల్ము సెకనుకి 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. అడుగు ఫిల్ములో 16 ఫ్రేములు పడతాయి. ఆ లెక్కన అర నిమిషం ప్రకటనకి 720 ఫ్రేములు, అంటే సరిగ్గా 45 అడుగుల ఫిల్ము. బొంబాయిలో 1960, 70లలో ప్రకటన చిత్రాలకి సంగీతం కట్టేవాళ్ళకి దొరికే జాగా అంతే. ఎత్తుగడ అందులోనే ఇమడాలి, ముగింపు అందులోనే రావాలి, సరుకు పేరు అందులోనే వినపడాలి. ఆ ఇరుకులో కూర్చుని బతుకంతా పాటలు కట్టినవాడు వన్‌రాజ్ భాటియా. ఆయన చేసిన జింగిల్స్ ఏడు వేలకు పైనే అంటారు. లిరిల్ సబ్బు, గార్డెన్ వరేలీ చీరలు, డ్యూలక్స్ రంగులు వాటిలో జనం నోట నానినవి. ఇంకోపక్క దర్శకుడు శ్యామ్ బెనెగళ్ తీసిన 'అంకుర్' నుంచి 'భారత్ ఏక్ ఖోజ్' దాకా వినపడే సంగీతం కూడా ఆయనదే. సబ్బు పాట కట్టిన చెయ్యీ, రుగ్వేద సూక్తానికి వరుస కట్టిన చెయ్యీ ఒకటే అంటే చాలామంది ఆశ్చర్యపోతారు. నాకు మాత్రం ఆ రెండు పనుల్లోనూ ఒకే పనితనం వినిపిస్తుంది. బొమ్మ ఎంత సంగీతాన్ని మోయగలదో ముందు తేల్చుకోవడం, అంతకు మించి ఒక్క స్వరం కూడా వెయ్యకపోవడం ఆ పనితనం.

భాటియా 1927 మే 31న బొంబాయిలో, కచ్ ప్రాంతపు వర్తక కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడు దేవధర్ సంగీత పాఠశాలలో హిందుస్తానీ నేర్చుకున్నారు. కుర్రతనంలో చైకోవ్‌స్కీ పియానో కన్‌చెర్టో రికార్డు చెవిన పడింది. ఇక పియానో వదల్లేదు. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో ఇంగ్లీషు ఎమ్.ఏ. 1949లో పూర్తిచేసి, లండన్ రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చేరి, 1954లో బంగారు పతకంతో బయటికొచ్చారు. అక్కణ్ణించి పారిస్ వెళ్ళి నాదియా బూలాంజే దగ్గర శిష్యరికం. ఇరవయ్యో శతాబ్దపు సంగీత గురువుల్లో ఆవిడంత పేరున్నవాళ్ళు అరుదు. అమెరికా స్వరకర్త ఆరన్ కోప్లాండ్, టాంగో సంగీతాన్ని మలుపు తిప్పిన ఆస్టర్ పియాజొలా, మైకేల్ జాక్సన్ పాటల వెనక ఉన్న క్విన్సీ జోన్స్, అందరూ ఆమె శిష్యులే. బూలాంజే పాఠం కఠినంగా ఉండేది. ఒక గొంతు పాడుతుంటే రెండో గొంతు దాని వెనకాల నడవకూడదు, అడ్డమూ పడకూడదు. తన దారిన తాను నడుస్తూనే మొదటి గొంతుకి తోడు కావాలి. పాశ్చాత్యులు కౌంటర్‌పాయింట్ అనేది ఇదే. ఆ సాధన భాటియా పనిలో చివరిదాకా ఉంది.

1959లో స్వదేశం చేరిన మనిషికి ఇక్కడ ఏం పని దొరుకుతుంది? సింఫనీ రాస్తే వాయించడానికి నెలకో వారానికో కూడే వాద్యబృందం ఎక్కడుంది? శక్తి సిల్క్ చీరల ప్రకటన చిత్రానికి సంగీతం చెయ్యమని అడిగారు, చేశారు. మన దేశంలో ప్రకటన చిత్రానికని ప్రత్యేకంగా సంగీతం రాసిన మొదటి మనిషి ఆయనేనంటారు. 1960 నుంచి 1965 దాకా ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పాశ్చాత్య సంగీత శాస్త్రం రీడరుగా పాఠాలు చెప్పారు. తర్వాత మళ్ళీ బొంబాయి, మళ్ళీ స్టూడియోలు. అంత చదువు చదివినవాడు సబ్బులకీ చీరలకీ పాటలు కట్టుకుంటూ కాలం వెళ్ళబుచ్చాడే అని జాలి పడేవాళ్ళున్నారు. ఆ జాలి నాకు అర్థం కాదు. జింగిల్ గదిలో ఆయన చదువు పదునెక్కింది. అక్కడే ఆయనకి రకరకాల గొంతులు, రకరకాల వాద్యాలు, రోజుకో కొత్త లెక్క చేతికొచ్చాయి. పైగా రాసుకున్నది రాసుకున్నట్టు అదే రోజున వాయించి వినే అదృష్టం లండన్‌లో తనతో చదివిన స్వరకర్తల్లో ఎందరికి దక్కి ఉంటుంది?

ఆ లెక్క ఎలాంటిదో కాస్త దగ్గర్నుంచి చూద్దాం. నిమిషానికి 120 దెబ్బల వేగం పెట్టుకున్నారనుకోండి. ఉత్సాహంగా నడిచే పాటకి అది సహజమైన వేగం. ఒక్కో దెబ్బకి సరిగ్గా 12 ఫ్రేములు. అర నిమిషానికి 60 దెబ్బలు. ఎనిమిది దెబ్బల ఆది తాళంలో వేసి చూస్తే ఏడున్నర ఆవర్తనాలు. చిక్కంతా ఆ అరలో ఉంది. చెవికి ఎనిమిది ఆవర్తనాల నిండుదనం అలవాటు. నాలుగు ఇటు, నాలుగు అటు వచ్చి కూర్చుంటేనే పాట పూర్తయినట్టు అనిపిస్తుంది. ఎనిమిదీ పట్టాలంటే వేగం 128కి పెంచాలి. అప్పుడు దెబ్బకి 12 ఫ్రేములు రావు, పదకొండుంపావు వస్తాయి. ఎడిటర్ కోత ఒకచోట, తాళం దెబ్బ ఇంకోచోట పడతాయి. వేగం పెంచకపోతే ఎక్కడో అర ఆవర్తనం మింగేయాలి, విన్నవాడికి తెలియకుండా. ఇంతా చేస్తే చివరి మూడు నాలుగు సెకన్లు సరుకు పేరు చెప్పే గొంతుకి వదిలిపెట్టాలి. మిగిలేది ఆరున్నర ఆవర్తనాలు. అందులో బాణీ పుట్టాలి, ఒకసారి మళ్ళీ వినపడాలి, ఎందుకంటే తిరిగి వినపడని బాణీ గుర్తుండదు. తర్వాత ముగిసినట్టు ముగియాలి. కీర్తన పాడేవాడు పల్లవి మీద సంగతులు వేసుకోవడానికి తీసుకునే సమయంలో సగం కూడా లేదు ఇక్కడ. ఈ పని వేలసార్లు చేసినవాడి చెవి ఎలా తయారవుతుందో ఊహించుకోవచ్చు. ఊరికే నింపడానికి వేసిన స్వరం అతనికి రాయిలా తగులుతుంది.

1970ల నడుమ వచ్చిన లిరిల్ ప్రకటన చూడండి. లింటాస్ ప్రకటనల సంస్థలో ఆలిక్ పదంసీ బృందం చేసిన ఆలోచన అది. కొడైకెనాల్ జలపాతం కింద ఆకుపచ్చ ఈత దుస్తుల్లో కారెన్ లునెల్ అనే అమ్మాయి కేరింతలు కొడుతూ తడుస్తుంది. ఆ జలపాతానికి తర్వాత లిరిల్ జలపాతం అనే పేరే స్థిరపడిపోయింది. బొమ్మలో కథ లేదు, మాట లేదు. భాటియా పాటలోనూ మాట లేదు. ఆడగొంతు ఒకటి 'ల' అనే అక్షరాన్ని పట్టుకుని పైకీ కిందికీ గెంతుతూ పోతుంది, అంతే. ఈ నిర్ణయంలో ఎంత తెలివి ఉందో చూడండి. మాటలుంటే ఆ మాటలు ఏ భాషలో ఉండాలి? హిందీలో ఉంటే తమిళంలో ఒక డబ్బింగు, తెలుగులో మరో డబ్బింగు, బెంగాలీలో ఇంకోటి. ప్రతి భాషలోనూ దీర్ఘాలు వేరుచోట్ల పడతాయి కాబట్టి బాణీ ప్రతిసారీ కాస్త కుంటుతుంది. 'ల'కి ఆ బాధ లేదు. తెనాలి సినిమా హాల్లో విన్నవాడికీ, నాగపూర్ హాల్లో విన్నవాడికీ అది ఒకే పాట.

ఇంకొక సంగతి. నీటి హోరు పక్కన గొంతు నిలబడాలంటే ఆ హోరుకి దొరకని జాగాలో పాడాలి. జలపాతం చప్పుడు గుబగుబమంటూ అన్ని స్థాయిల్లోనూ పరుచుకుని ఉంటుంది. ఒత్తక్షరాలతో, పరుషాలతో నిండిన మాటలు దానిలో కలిసిపోతాయి. ల, ఆ కలిసిన చప్పుడు నోరు తెరిచి పాడేది. పైస్థాయిలో గంట కొట్టినట్టు మోగుతుంది. ఒళ్ళు మరిచి స్నానం చేసే మనిషి పాడుకునేది కూడా అదే కదా, మాటలు ఎవరికి గుర్తుంటాయి ఆ వేళ? పాట ఆ అమ్మాయి గురించి ఏమీ చెప్పదు. ఆ అమ్మాయే పాడుకుంటున్నట్టు ఉంటుంది. యాభై ఏళ్ళ తర్వాత కూడా అప్పటివాళ్ళు ఎవరైనా ఆ బాణీని తప్పు లేకుండా కూనిరాగం తీయగలుగుతున్నారంటే, అరనిమిషం పాటకి అంతకు మించిన పరీక్ష ఏముంటుంది?

ఆ గొంతు ప్రీతి సాగర్‌ది. 'జూలీ' సినిమాలో ఇంగ్లీషు పాట పాడి ఒక్కసారిగా పేరు తెచ్చుకున్న అమ్మాయి. భాటియా పనితనం తెలుసుకోవాలంటే ఈ గాయని గొంతు వెంట నడిస్తే చాలు. ఒకే మనిషి చేత ఆయన ఎన్ని రకాలుగా పాడించారో ముందు ముందు చెబుతాను.

జింగిల్ నుంచి సినిమాకి దారి ఎలా పడిందో ముందు చెప్పాలి. శ్యామ్ బెనెగళ్ మన తిరుమలగిరిలో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, బొంబాయి వెళ్ళి ప్రకటన చిత్రాలు తీసినవాడు. వందల కొద్దీ తీశాడు. 1974లో ఆయన మొదటి కథాచిత్రం 'అంకుర్' కి డబ్బు పెట్టిన బ్లేజ్ సంస్థ కూడా హాళ్ళకి ప్రకటన చిత్రాలు పంచే వ్యాపారంలోనిదే. అలా తెలంగాణ పల్లె కథని దక్కనీలో చెప్పిన సినిమాకి దర్శకుడూ పెట్టుబడీ సంగీతమూ మూడూ ప్రకటనల లోకం నుంచే వచ్చాయి. కళాత్మక సినిమా అనేది వ్యాపారానికి ఆమడ దూరాన పుట్టిందని అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఆనాటి బొంబాయి సినిమా సంగీతంలో ఒక ఏర్పాటు ఉండేది. సంగీత దర్శకుడు హార్మోనియం మీద బాణీ కట్టేవాడు. దాన్ని పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించి, ఏ వయొలిన్ ఎక్కడ అందుకోవాలి, ట్రంపెట్ ఎక్కడ ఆగాలి అని రాసేవాడు అరేంజర్. ఎక్కువమంది గోవా క్రైస్తవులు. సెబాస్టియన్ డిసౌజా, ఆంథొనీ గొన్సాల్వెజ్ లాంటి దిట్టలు. టైటిల్స్‌లో వాళ్ళ పేర్లు చిన్న అక్షరాల్లో పడితే అదే గొప్ప. మన తెలుగులోనూ అంతే. 'మల్లీశ్వరి' అనగానే సాలూరి రాజేశ్వరరావు గుర్తొస్తారు, న్యాయమే. ఆ సినిమా వాద్యగోష్ఠి వెనక అద్దేపల్లి రామారావు చెయ్యి ఉందని ఎందరికి తెలుసు? భాటియా విషయంలో ఆ రెండు పనులకీ మనిషి ఒకడే. బాణీ పుట్టేటప్పుడే ఏ వాద్యం మీద పుడుతోందో ఆయనకి తెలుసు. అందుకే ఆయన పాటల్లో బాణీ ఒకవైపు, వాద్యాలు ఇంకోవైపు లాగుతున్నట్టు ఎప్పుడూ ఉండదు.

'అంకుర్' లో హీరో హీరోయిన్ల పాటలు లేవు. నేపథ్య సంగీతం కూడా ఎంత తక్కువంటే, ఉన్నదని గుర్తుపట్టడానికి రెండోసారి చూడాలి. కథలో కిష్టయ్య చెవిటి మూగ కుమ్మరి. అతని భార్య లక్ష్మికి మాట్లాడగలిగినా మాట్లాడే వీలు లేని బతుకు. ఇలాంటి ఇంట్లోకి వయొలిన్లు దూసుకొస్తే ఆ మూగతనం చెడిపోతుంది. భాటియా అక్కడ తగ్గి నిలబడ్డారు. పల్లె చప్పుళ్ళకి చోటిచ్చారు. మొదటి కథాచిత్రం దొరికిన ఏ సంగీత దర్శకుడైనా తన సత్తా చూపించాలనుకుంటాడు. పారిస్‌లో కౌంటర్‌పాయింట్ సాధన చేసి వచ్చినవాడు మరీనూ. ఆ కోరికని అదుపులో పెట్టుకోవడం జింగిల్ గది నేర్పిన విద్యే అని నా నమ్మకం. అర నిమిషంలో ఏది అక్కర్లేదో తేల్చుకోవడం వచ్చినవాడికి రెండు గంటల్లోనూ అది వస్తుంది.

మరుసటి ఏడు 'నిశాంత్'. అదీ తెలంగాణ కథే, దొరల దౌర్జన్యం మీద. అందులో భాటియా ఒక గజల్ పెట్టారు. రాసినవాడు మహమ్మద్ కులీ కుతుబ్ షా, హైదరాబాదు కట్టించిన గోల్కొండ సుల్తాను. నాలుగు వందల ఏళ్ళ నాటి దక్కనీ. పాడింది ఎవరనుకున్నారు? లిరిల్ జలపాతం కింద 'ల'లు గెంతించిన ప్రీతి సాగరే. ఇక్కడ ఆ గొంతులో గెంతు లేదు, మెరుపు లేదు. స్వరాన్ని పట్టుకుని నెమ్మదిగా దించుతూ, మాట చివర తడి మిగిల్చే గొంతు. వాద్యాలు తక్కువ, గొంతుకి చోటు ఎక్కువ. గజల్ అంటే గుర్తొచ్చే దర్బారు హంగులు ఆయన కట్టలేదు. దక్కనీ మాటల యాసలో ఒక మొరటు తీపి ఉంది, హైదరాబాదు పాతబస్తీలో తిరిగినవాళ్ళకి తెలుస్తుంది. ఆ తీపి మీద ఉర్దూ గజల్ గాయకుల పాలిష్ వేయలేదు. ప్రీతి సాగర్ ఆ రోజుల్లో శాస్త్రీయ గజల్ గాయనిగా పేరున్న మనిషి కాదు. ఆ గొంతులో పాత గజల్‌కి కావలసిన కొత్తదనాన్ని భాటియా ముందే విన్నారే, ఆ వినికిడికి దండం పెట్టాలి.

1976లో 'మంథన్'. గుజరాత్ పాల సహకార సంఘాల కథ. 5 లక్షల మంది రైతులు తలా రెండు రూపాయలు వేసుకుని నిర్మాతలైన సినిమా. ఇందులో పల్లె పాటని ప్రీతి చెల్లెలు నీతి సాగర్ రాస్తే, ప్రీతి పాడింది. ఈ మూడో గొంతు ముందు రెండింటికీ సంబంధం లేనట్టు ఉంటుంది. పైస్థాయిలో గొంతు విప్పి, పొలం గట్టు మీద నుంచి అవతలి గట్టుకి పిలిచినట్టు పాడుతుంది. పాదం చివరి అక్షరం సాగుతూ సాగుతూ గాలిలో వదిలేసినట్టు ముగుస్తుంది. బయట పాడే పాటకి ఆ సాగదీత అవసరం. గది లోపల పాడేవాడికి గోడలు గొంతుని తిరిగి ఇస్తాయి, మైదానంలో ఇచ్చేవాళ్ళు లేరు, పాడేవాడే చివరిదాకా మోసుకుపోవాలి. రికార్డింగ్ థియేటర్లో నిలబడి పాడిన పాటలో ఆ మైదానం వినిపించిందంటే అది గాయని గొప్పతనమూ, ఆమెకి ఆ స్థాయి ఎంచి ఇచ్చినవాడి గొప్పతనమూ. ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ గాయని బహుమతి ఆమెకి ఈ పాటకే వచ్చింది. తర్వాత ఏళ్ళలో ఇదే పాటని అమూల్ టీవీ ప్రకటనగా వాడుకుంది. జింగిల్స్ నుంచి సినిమాకి వచ్చిన మనిషి కట్టిన సినిమా పాట జింగిల్‌గా మారి, ఆ కొలతలోనూ చక్కగా ఇమిడిపోయింది. ఇమడదా మరి? పల్లవిలోని మొదటి పాదంలోనే ఊరంతా ఉంది.

'భూమిక' (1977) మరో రకం పరీక్ష. మరాఠీ నటి హంసా వాడ్కర్ ఆత్మకథ ఆధారంగా తీసిన సినిమా కాబట్టి టాకీల తొలినాళ్ళ నుంచి నడుస్తుంది. ఛాయాగ్రాహకుడు గోవింద్ నిహలానీ కాలం మారినప్పుడల్లా ఫిల్ము రకం మార్చాడు, నలుపు తెలుపు నుంచి రంగుల దాకా. భాటియా కూడా ఆయా కాలాల సినిమా పాటల తీరులో పాటలు కట్టారు. పాత తీరుని వెక్కిరించకుండా, ఆ కాలపు మనిషి ఆ కాలంలో కూర్చుని కట్టినట్టు కట్టడం కష్టం. భాటియా ఎక్కడా కన్ను కొట్టరు. '36 చౌరంగీ లేన్' లో కలకత్తా ఆంగ్లో ఇండియన్ ముసలి టీచరమ్మ ఒంటరితనానికి పాశ్చాత్య సంగీతం నేరుగా వాడుకునే అవకాశం దొరికింది. 'జానే భీ దో యారో', 'కలియుగ్', 'త్రికాల్', టీవీలో 'ఖాన్‌దాన్', 'వాగ్లే కీ దునియా' ఇలా జాబితా పెద్దది, వాటి జోలికి పోను. ఒక్కటి చెప్పాలి. భీష్మ సాహ్ని నవల మీద నిహలానీ తీసిన 'తమస్' కి ఆయనకి సంగీత దర్శకుడిగా జాతీయ బహుమతి వచ్చింది.

ఎక్కువసేపు ఆగవలసిన చోటు 'భారత్ ఏక్ ఖోజ్'. నెహ్రూ పుస్తకం మీద బెనెగళ్ 53 భాగాలుగా తీసిన ధారావాహిక, 1988లో దూరదర్శన్‌లో మొదలైంది. ఆదివారం పొద్దున దాని మొదటి పాట వినపడగానే ఇంట్లో మాటలు ఆగిపోయేవని ఆ తరంలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ పాట రుగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం. సృష్టికి ముందు ఏముంది అని అడిగే సూక్తం. ఏడు రుక్కులు, చివరికి వచ్చేసరికి పైనున్నవాడికైనా తెలుసో తెలియదో అని ఆగిపోతుంది. ముందు సంస్కృతం, తర్వాత వసంత్ దేవ్ చేసిన హిందీ అనువాదం.

ఇక్కడ స్వరకర్త ముందు ఉన్న ఇబ్బంది మామూలుది కాదు. రుగ్వేద పఠనంలో ఉదాత్త, అనుదాత్త, స్వరితాలు మూడే. ఆ ఇరుకైన మెట్ల మీదే మంత్రం నడుస్తుంది. దాన్ని రాగంలోకి ఎత్తితే భక్తి పాట అయిపోతుంది. ఉన్నది ఉన్నట్టు చదివిస్తే టీవీలో అర్థం కాని పఠనంగా మిగిలిపోతుంది. పాశ్చాత్య హార్మనీ కింద పరిస్తే ఇంకో ప్రమాదం. తీగ మీద కదిలే మన గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతుంది. పియానో మెట్టు మీది గాంధారం నిలబడే ఉంటుంది. ఊగేదాని కింద నిలబడేదాన్ని పెడితే రెండూ ఒకదాన్నొకటి గీరుకుంటాయి. మన సినిమాల్లో రాగం మీద తీగలవాద్యాల కార్డులు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు, కుమ్మరించినప్పుడు చెవికి తగిలే ఇబ్బంది ఇదే.

భాటియా దీన్ని గొంతులతో పరిష్కరించారు. కార్డులు పేర్చే బదులు మనుషుల్ని పేర్చారు. మంత్రం దాని ఇరుకైన మెట్ల మీదే మొదలవుతుంది. హిందీ వచ్చాక బృందగానం విచ్చుకుంటుంది. గొంతులు పొరలు పొరలుగా చేరతాయి. ఏ గొంతూ ఇంకోదానికి గొడుగు పట్టినట్టు ఉండదు, ఎవరి నడక వాళ్ళది. బూలాంజే గదిలో నేర్చుకున్న కౌంటర్‌పాయింట్ ఇక్కడ వేదానికి తోడొచ్చింది. ఇందులో పారిస్ ఎక్కడుంది, వేదపాఠశాల ఎక్కడుందని వేలు పెట్టి చూపించడం కష్టం. అతుకు కనపడదు. పైగా ఆ సూక్తం అడిగేవన్నీ ప్రశ్నలు. ప్రశ్న ఒక్కడు అడిగితే అది అతని సందేహం. పదిమంది వేర్వేరు స్థాయిల్లో అడిగితే ఒక జాతి అడుగుతున్నట్టు ఉంటుంది. అయిదు వేల ఏళ్ళ కథకి అంతకన్నా తగిన ద్వారం నాకు కనపడదు. ముగింపు పాటకీ ఆయన పదో మండలాన్నే ఎంచుకున్నారు, హిరణ్యగర్భ సూక్తం. అన్ని భాగాల్లోనూ నేపథ్య సంగీతం ఒకే ఎత్తున ఉందని అనను. యుద్ధాల దగ్గర బృందగానం అవసరానికి మించి బరువెక్కిన చోట్లున్నాయి. మొదటి పాట మాత్రం టీవీ కోసం మన దేశంలో కట్టిన పాటలన్నిటిలోకీ తలమానికం.

తెలుగు పాఠకులకి ప్రత్యేకంగా చెప్పవలసినది 'అనుగ్రహం'. మరాఠీ రచయిత ఖానోల్కర్ 'కొందూరా' నవలని బెనెగళ్ 1978లో హిందీలోనూ తెలుగులోనూ తీశారు. తెలుగు చిత్రమే 'అనుగ్రహం'. అనంత్ నాగ్, వాణిశ్రీ, స్మితా పాటిల్ నటించారు. రచనలో ఆరుద్ర చెయ్యి ఉంది. సంగీతం వన్‌రాజ్ భాటియా. బూలాంజే శిష్యుడు తెలుగు సినిమాకి పనిచేశాడన్న సంగతి మన సినిమా సంగీతం మీద రాసేవాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. వాణిశ్రీ నటన గురించి చెప్పేటప్పుడు ఈ సినిమా పేరు వస్తుంది. ఈసారి ఎవరైనా ఆ మాట ఎత్తితే సంగీతం సంగతి కూడా కలపాలి.

'మండీ' (1983) భువనగిరిలో తీసిన సినిమా, వేశ్యావాటిక కథ. పాటల కోసం బెనెగళ్, భాటియా మళ్ళీ పాత కవుల దగ్గరికే వెళ్ళారు. బహదూర్ షా జఫర్‌తో పాటు మన మఖ్దూం మొహియుద్దీన్ గజల్ కూడా ఉంది. తెలంగాణ పోరాటంలో నిలిచిన కవి మాటలు మెహఫిల్లో వినపడతాయి, పాడింది మళ్ళీ ప్రీతి సాగరే. కొత్తగా పాటలు రాయించుకోకుండా ఆ ఊరి గాలిలో అప్పటికే ఉన్న కవిత్వాన్ని ఏరుకోవడం దర్శకుడి అభిరుచి. ఆ కవిత్వాన్ని మ్యూజియంలో అద్దాల వెనక పెట్టినట్టు కాకుండా, కోఠాలో సాయంత్రం పూట నిజంగా పాడుకునేదిగా మార్చింది స్వరకర్త.

1989లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 2012లో పద్మశ్రీ వచ్చాయి. గిరీశ్ కర్నాడ్ నాటకం ఆధారంగా ఆయన రాసిన 'అగ్నివర్ష' ఒపెరాని 2012లో న్యూయార్క్‌లో ప్రదర్శించారు. ఎనభై అయిదేళ్ళ వయసులో ఆయనకి గంటల కొద్దీ జాగా దొరికింది. 2001లో బెనెగళ్ 'జుబేదా' కి ఎ.ఆర్. రెహమాన్‌ని పెట్టుకున్నారు. రెహమాన్ కూడా మద్రాసులో జింగిల్స్ కడుతూ చెయ్యి తిరిగినవాడే. ఆ దారి మొదట వేసినవాళ్ళలో భాటియా ఒకరు. చివరి ఏళ్ళలో డబ్బుకి ఇబ్బంది పడ్డారని పత్రికలు రాశాయి. అంత పని చేసిన మనిషికి ఆ స్థితి రావడం బాధాకరం. ప్రకటనకి ఒకసారి డబ్బు ఇచ్చి పంపేసే పద్ధతి ఉన్నంతకాలం, ఆ పాట ఎన్ని ఏళ్ళు మోగినా కట్టినవాడికి చేరేది ఉండదు. 2021 మే 7న, తొంభై మూడేళ్ళ వయసులో ముంబయిలో కన్నుమూశారు.

ఆ వేల జింగిల్స్‌లో ఎక్కువ భాగం ఇప్పుడు వినడానికి దొరకవు. వాటి మీద ఆయన పేరూ ఉండేది కాదు. దొరికేవాటితో మొదలుపెట్టేవాళ్ళు 'నిశాంత్' గజల్, 'మంథన్' పల్లె పాట, 'భారత్ ఏక్ ఖోజ్' మొదటి పాట, ఈ మూడింటినీ ఈ వరుసలోనే వినండి. మొదటి విడత గొంతు కోసం వినండి. రెండో విడత గొంతుని వదిలేసి, కింద ఏ వాద్యం ఎప్పుడు వచ్చి ఎప్పుడు తప్పుకుంటోందో గమనించండి. ముఖ్యంగా తప్పుకునే చోట్లు.